ఆదెమ్మకు మోగని డప్పు

నేను ఒక డప్పును. ఆదెమ్మను కాటికి మోసుకెళ్లిన రోజున నన్ను మోగించలేదు. అది ఆమెకు జరిగిన అన్యాయం. ఇందులో రెండో మాట లేదు.

నన్ను చేసింది ఆమె మొగుడు దాలయ్య. వేపచెక్కతో గుండ్రంగా చట్రం కట్టాడు. మేకతోలు సున్నం నీళ్లలో నానేసి, బొచ్చు గీకి, చింతగింజల జిగురుతో చట్రానికి లాగి అంటించాడు. ఆ గింజలు దంచి ఉడికించింది ఆదెమ్మ. గింజలు వాళ్ల ఇంటి వెనక చెట్లవే. ఆ చెట్ల సంగతి చెప్పకుండా నా కథ నడవదు.

మా ఊరు సముద్రానికి దగ్గర. ఊరిని ఆనుకుని తంపర, అంటే ఏడాదిలో సగం రోజులు నీళ్లు నిలిచే బురద నేల. వానలు తగ్గాక గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ వచ్చి దాలయ్య ఉండే పేటలోని చింతచెట్ల మీద దిగుతాయి. గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచి, ఎండలు ముదిరే వేళకు వెళ్లిపోతాయి. అవి ఉన్నన్నాళ్లూ ఊళ్లో డప్పు మోగకూడదు, టపాకాయ పేలకూడదు. ఈ కట్టు ఎవరు పెట్టారో తెలీదు. కాగితం మీద ఎక్కడా లేదు. అయినా ఎవరూ దాటరు. పెళ్లిళ్లు ముందుకో వెనక్కో జరుపుకుంటారు. చావుల్ని జరపలేరు గనక వాటిని చప్పుడు లేకుండా సాగనంపుతారు.

మొదటి పిట్ట దిగిన రోజున దాలయ్య నన్ను మెడకు తగిలించుకుని వీధివీధికీ చాటింపు వేసేవాడు. "పిట్టలు దిగినాయహో. రేపట్నుంచి డప్పు లేదు, టపాసు లేదహో." ఆ చాటింపు అయ్యాక నన్ను దూలానికి వేలాడదీసేవాడు. నా నోరు కట్టేస్తున్నామని నా నోటితోనే చెప్పించేవారు. మనుషుల తెలివి అలాంటిది.

పిట్టల ఊరని పేరు ఊరందరికీ వచ్చింది. రెట్టలు మాత్రం మా పేట ఇళ్ల మీదే పడేవి. ఆదెమ్మ పొద్దున్నే వాకిలి కడుగుతూ "కంపు మనది, పేరు ఊరిది" అనేది. అంటూనే తల పైకెత్తి గూళ్లు చూసుకునేది. నేల మీద గుడ్డుపెంకు కనిపిస్తే ఏ గూట్లో పిల్ల లేచిందో చెప్పేది. ఏ కొంగ ఏ కొమ్మదో ఆమెకు తెలుసు.

ఒకసారి పట్నం నుంచి దుర్భిణీ మెళ్లో వేసుకుని ఒకాయన వచ్చాడు. మెడ నొప్పెట్టేదాకా పైకి చూసి, లెక్క తేలక, "ఎన్ని గూళ్లుంటాయమ్మా?" అని అడిగాడు.

"తమకి కళ్ల మీద కళ్లున్నాయి కదా బాబూ, నన్నడుగుతారేటి?" అంది ఆదెమ్మ. ఆయన నవ్వేశాక చెప్పింది. "నూట పద్నాలుగు. అందులో రెండు ఉత్తివి. కోతి తిరిగిందని ఒగ్గేసినాయి."

ఆయన సాయంత్రం దాకా కూర్చుని లెక్కపెట్టాడు. నూట పద్నాలుగే వచ్చింది.

దాలయ్య చేసిన తప్పు కూడా చెప్పాలి. ఒక ఏడు నా తోలు చిరిగితే కొత్తది వేశాడు. కొత్త తోలు పలుకు ఎలా ఉందో చూడకుండా డప్పు కొట్టేవాడి చెయ్యి ఊరుకోదు. పిట్టలున్న రోజులే. కానీ మిట్టమధ్యాహ్నం గదా, పెద్దవన్నీ తంపరలో మేతకు పోయుంటాయి అనుకున్నాడు. గడ్డిమంట మీద నన్ను కాచి ఒక్క దెబ్బ వేశాడు.

చెట్లన్నీ ఒక్కసారి లేచినట్టయింది. మూడు పిల్లలు కింద పడ్డాయి.

ఆదెమ్మ తిట్టలేదు. పిల్లల్ని కొంగులో ఏరుకుంటూ అంది. "మిట్టెండలో జంటలో ఒకటి మేతకెళ్తాది, ఇంకోటి గూట్లో రెక్కలిప్పి పిల్లకి గొడుగు పడతాది. ఇన్నేళ్లు ఈ చెట్ల కింద తిని తొంగున్నావు. నీకు తెల్దేటి మావా?"

రెండు ఆ రోజే చచ్చిపోయాయి. మూడోదాన్ని నెలన్నర సాకింది. తంపరలో గుడ్డతో చేపపిల్లలు పట్టి నోట్లో పెట్టేది. అది తిని, మళ్లీ ఆమె చీర మీదే కక్కేది. "కడుపున పుట్టినోళ్లయినా ఇంత సతాయించరు" అనేది. ఒక ఉదయం అది ఇంటికప్పు మీదికి, అక్కణ్నుంచి చెట్టు మీదికి ఎగిరింది. తర్వాత ఆమె పాత చేపలవలలు అడిగి తెచ్చి చెట్ల కింద కట్టించింది. ఆ వలల్లో పడి బతికిన పిల్లలు ఏటా పదికి తక్కువ ఉండవు. చదువు లేని మనిషి. ఆమెను మించి ఆ పిట్టల్ని ఎరిగినవాళ్లను నేను చూడలేదు.

మాఘమాసంలో మూడు రోజుల జ్వరానికి ఆదెమ్మ పోయింది. గూళ్ల నిండా పిల్లలు.

మా పేటలో డప్పు లేకుండా లేచిన శవాన్ని దిక్కులేని శవం అంటారు. పిట్టల రోజుల్లో పోయినవాళ్లను ఆ మాట ఎవరూ పైకి అనరు, మనసులో అనుకుంటారు. ముప్పై ఏళ్లుగా ఊళ్లో ప్రతి శవం ముందూ నడిచినవాడు దాలయ్య. ఇప్పుడు తన పెళ్లాం ముందు ఎలా నడుస్తాడో చూడాలని ఊరంతా వచ్చింది.

ఊరిపెద్ద కూర్మినాయుడు వచ్చాడు. ఆయన తల్లి పిట్టల రోజుల్లోనే పోయింది. ఆమెకూ డప్పు లేదు. "దాలయ్యా, మా అమ్మకి కొట్టలేదు, నిజమే. ఆదెమ్మ లెక్క వేరురా. అందరం అనుకున్నాం. కొట్టు" అన్నాడు.

దాలయ్య పాడె కట్లు బిగిస్తూనే ఉన్నాడు.

ఆదెమ్మ తమ్ముడు గౌరీసు అప్పటికే నన్ను దూలం మీంచి దించి గడ్డిమంట వేశాడు. "మా అక్కని దొంగసొమ్ములాగ మోసుకుపోతావేటి బావా? ఊరోళ్లే కొట్టమంతన్నారు. నీకు అడ్డేటి?"

మంట సెగకు నా తోలు బిగిసింది. నా పలుకు నాకు తెలుసు. అంత బాగా నేను ఎప్పుడూ కాగలేదు. నన్ను కట్టడానికి గింజలు ఉడికించిన మనిషి ఎదురుగా పాడె మీద ఉంది.

దాలయ్య నన్ను అందుకుని మెడకు తగిలించుకున్నాడు. పుల్లలు చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు తల పైకెత్తాడు. మిట్టమధ్యాహ్నం. గూటి గూటికీ ఒక కొంగ రెక్కలు విప్పి నిలబడి ఉంది.

"గొడుగు పట్టినాయిరా" అన్నాడు గౌరీసుతో. పుల్లలు మొలలో దోపుకున్నాడు.

"ఒక్క దెబ్బ, బావా. ఒక్కటే."

"ఒక్క దెబ్బకే మూడు పడినాయి."

పాడె లేచింది. దాలయ్య ముందు నడిచాడు. కొమ్మ తగిలినా నేను మోగుతానని అరచెయ్యి నా తోలుకు అదిమి పట్టాడు. ఆ చెమట చెయ్యి కాటి దాకా తీయలేదు. నాలో ఉన్న చప్పుడంతా ఆ చేతి కింద చల్లారిపోయింది. వెనక రెండొందల మంది నడిచారు. దగ్గినవాడు కూడా తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. మనుషులు అంత ఒద్దికగా నడవగలరని నేను అనుకోలేదు. అది మెచ్చుకోవలసిందే. మెచ్చుకుంటాను.

దారిలో కొంగలు ముక్కులు టకటకలాడించాయి. పిట్టలే ఆదెమ్మకు డప్పు కొట్టాయని తర్వాత జనం చెప్పుకున్నారు. అబద్ధం. అవి రోజూ చేసే చప్పుడే.

ఎండలు ముదిరి పిట్టలు పోయాయి. ఆ ఏడు ఒక్క పిల్లా చావలేదు. గౌరీసు వచ్చి ఇప్పుడైనా కొట్టమన్నాడు. "వినాల్సిన మనిషి లేదు" అన్నాడు దాలయ్య. మరి నన్ను ముట్టలేదు. చాటింపు గౌరీసు వేరే డప్పుతో వేస్తున్నాడు.

ఊళ్లో పక్షుల కేంద్రమని ఒక గది కట్టి, నన్ను అడిగి తీసుకెళ్లి అద్దాల బీరువాలో పెట్టారు. కింద చీటీ ఉంది. పక్షుల కోసం మౌనం పాటించిన గ్రామం డప్పు, అని. ఆదెమ్మ పేరు లేదు. వచ్చినవాళ్లు చదివి చాలా మంచి ఊరు అంటారు. మంచి ఊరే.

పిట్టలు దిగినప్పుడల్లా దాలయ్య ఒకసారి వస్తాడు. నా వైపు చూడడు. కాపలా మనిషిని "ఎన్ని గూళ్లు?" అని అడిగి, చెప్పిన అంకె విని, "తప్పు. మళ్లీ ఎంచు" అని వెళ్లిపోతాడు.

ఆయన చేసింది తప్పని నేను అనను. క్షమించానని కూడా అనను. ఆదెమ్మకు డప్పు మోగలేదు. చెప్పాల్సింది చెప్పాను. ఈ ఊసు ఇంకెవరూ నా దగ్గర ఎత్తొద్దు. నేనూ ఎత్తను.