ఐదో రంధ్రం

నా చేత్తో మూసిన పెట్టె ఎవరి ప్రాణమైనా తీస్తుందేమోనని నాకు అన్నిటికంటే ఎక్కువ భయం. నా బిడ్డ పూజకు జ్వరమొచ్చినా భయపడతాను. కానీ ఆ భయానికి ఇంట్లో తోడుంటారు. ఈ భయం నా ఒక్కదానిది.

మొన్నటిదాకా వరంగల్ శివారులో, కరెంటు ప్యానెల్ బోర్డులు చేసే షెడ్డులో పనిచేశాను. ఇంటర్ మొదటి సంవత్సరం మధ్యలో పెళ్లి చేశారు కాబట్టి నాకు దొరికిన పని అదే. స్విచ్చులు బిగించేది మగవాళ్లు. పెట్టె అడుగు రేకుకు, కేబుళ్లు లోపలికి వచ్చే రంధ్రాలకు గ్లాండ్లు బిగించేది నేను. గ్లాండంటే మరలున్న చిన్న గొట్టం, లోపల ఒక రబ్బరు రింగు. మూత తిప్పేకొద్దీ రబ్బరు కేబుల్ చుట్టూ బిగుసుకుంటుంది. ఇక నీళ్లు, దుమ్ము, బల్లి, ఏదీ లోపలికి పోదు. కేబుల్ లేని రంధ్రానికి డమ్మీ బిరడా పెట్టాలి. కేబుల్ సన్నగా ఉంటే చాలామంది టేపు చుట్టి లావు చేసి దూరుస్తారు. నేను ఎన్నడూ అట్లా చేయలేదు. సరైన రింగు దొరికేదాకా డబ్బాలన్నీ వెతికేదాన్ని. బడి మానేశాక నేను నేర్చుకున్న విద్య అదొక్కటే, దాని మీద నాకు ప్రేమ ఉండేది. మధ్యాహ్నానికి పాలు చేపుకొచ్చి రవిక తడిస్తే చున్నీ అడ్డం వేసుకుని బిగించేదాన్ని. నా భర్త మహిపాల్ మాత్రం, రబ్బర్లు తొడుగుడు గూడ ఒక పనేనా, గాజులు తొడిగినట్టే గదా అని చుట్టాల ముందు నవ్వించేవాడు. వాళ్లతోపాటు నేనూ నవ్వేదాన్ని. పెళ్లాన్ని కదా, నవ్వడం కూడా నా పనే అనుకున్నాను.

దీపావళి వెళ్లిన వారం, తొర్రూరు దారిలోని ఒక పత్తి మిల్లుకు పెట్టె తయారైంది. అడుగున ఐదు రంధ్రాలు, నాలుగు కేబుళ్లు. డమ్మీలు అయిపోయాయి, తెల్లారితే వస్తాయన్నారు. బండి గేటు దగ్గర నిలబడి ఉంది. పొద్దున దాకా ఆపుదామని చెప్పబోతుంటే అత్తమ్మ ఫోన్ చేసింది.

"పిల్ల పెయ్యి కాలిపోతాంది. నీకు బిడ్డకన్న రబ్బర్లే ఎక్కువైనయా?"

సూపర్‌వైజర్ ఓంప్రకాశ్ సార్ నా ముఖం చూసి, టేపు కొట్టి పైన పెయింట్ వేసేయమన్నాడు. "అడుగు రేకు వంగి ఎవడు చూస్తడమ్మా," అన్నాడు. టేపు కొట్టాను. పెయింట్ వేశాను. తలుపు లోపల అంటించిన చెకింగ్ కాగితం మీద శ్రీలత అని సంతకం చేసి ఆటో కోసం పరుగెత్తాను.

ఇంటికొచ్చేసరికి పూజ వాకిట్లో గిన్నె మీద గంటెతో కొట్టుకుంటూ కూర్చుంది. ఒళ్లు చల్లగా ఉంది. లోపల ఆడబిడ్డ ప్రేమలత ఇద్దరు పిల్లలతో దిగింది. అత్తమ్మ నా వైపు చూడకుండానే, ఇందాక కాలింది, ఇప్పుడు తగ్గింది, చపాతీ పిండి పిసుకు అంది. పిసికాను. గోరు సందులో పచ్చ పెయింట్ పోలేదు. ఏడుపు ఎందుకొచ్చిందో అప్పుడు నాకూ తెలియలేదు. ఉల్లిగడ్డలు కోస్తున్నాను కాబట్టి ఎవరూ అడగలేదు.

మర్నాడు డమ్మీలు రాగానే ఒకటి తీసుకుని ఓంప్రకాశ్ సార్ దగ్గరికి పోయాను. పోయిన డబ్బా పోయింది, నీ పని చూసుకోమన్నాడు. వారం తర్వాత ఫిట్టర్ రాజేష్ ఆ మిల్లులో పెట్టె బిగించి వచ్చి ఫోన్‌లో ఫోటో చూపించాడు. పెట్టె పక్కన చీపురు పట్టుకుని ఒక పెద్దామె నిలబడి ఉంది. ఫోటో తీస్తున్నారని కొంగు సర్దుకుని నవ్వుతోంది.

"ఊడ్సేటామె అక్కా, చిలుకమ్మ. మాకు చాయ్ పోసింది. దూది లేవకుండ నీళ్లు సల్లి ఊడుస్తది. బకెట్ మన డబ్బా కిందనే పెట్టుకుంటది."

వేడికి టేపు జిగురు ఊడుతుందని నాకు తెలుసు. దూది లోపలికి పోతుందని, ఆ దూది నీళ్లు పీలుస్తుందని తెలుసు. అప్పుడు పెట్టె రేకు మీద చెయ్యి వేస్తే ఏమవుతుందో కూడా తెలుసు. ఆర్డర్ కాగితం మీది నంబరు చూసి మిల్లుకు ఫోన్ చేశాను. ఎత్తినాయన అంతా విని, ఎంత దాక చదివినవమ్మా అని అడిగాడు. చెప్పాను. మీ దగ్గర మగ ఫిట్టరుంటే మాట్లాడమను అని పెట్టేశాడు. రాజేష్ అప్పటికే పని మానేసి హైదరాబాద్ పోయాడు. బండి మీద ఒక్కసారి అక్కడికి తీసుకుపొమ్మని మహిపాల్‌ను బతిమాలాను.

"లోకమంతా నీ మీదనే నడుస్తాందా? ఆ ఫికరేదో పిల్ల మీద పెట్టు," అన్నాడు.

నేను మిల్లుకు ఫోన్ చేసిన సంగతి ఓంప్రకాశ్ సార్‌కు తెలిసింది. ఆయన మహిపాల్‌కు చెప్పాడు. మరునాటి నుంచి నాకు పని లేదు, ఫోనూ లేదు. రెండు నెలలైంది. ఆ డమ్మీ బిరడా పూజ పౌడరు డబ్బాలో ఉంది. వాకిలి ఊడ్చే ముందు నీళ్లు చల్లబోతే చెయ్యి ఆగిపోతోంది. అది చూసి, పని తప్పించుకునే వేషాలు అంటోంది అత్తమ్మ.

ఇది నా పేరుతోనే రాస్తున్నాను. సంతకం నాదే, తప్పూ నాదే. మీరు తొర్రూరు వైపు పోతే, రోడ్డు పక్కన నీలం రేకుల కప్పున్న మిల్లు దగ్గర దిగండి. పచ్చ పెట్టెను ముట్టుకోవద్దు. ముందు మెయిన్ బంద్ చేయించి, తలుపు లోపల నా పేరుందేమో చూడమనండి. ఉంటే అడుగున ఐదో రంధ్రం చూపించండి. ఆ మాట మీరు చెబితే వింటారు. అంతకంటే ముందు, గేటు దగ్గరే, ఊడ్చే చిలుకమ్మ ఇవాళ పనికొచ్చిందా అని అడగండి.