నవమినాడు తీసిన గాడి

నేను ఒక ఉలిని. ఉలి అనగానే చాలామందికి శిల్పి గుర్తుకొస్తాడు. నాకు రాళ్ల సంగతి తెలియదు. చెక్కలో గాడి తీయడం, మూలలు చెక్కడం నా పని. లారీ కింద బరువులు మోసిన పాత కమాను పట్టాను కొలిమిలో కాల్చి, సాగగొట్టి నన్ను చేశారు. తుమ్మకర్ర పిడి తర్వాత వచ్చింది.

ఉద్దానంలో అప్పలాచారి అనే వడ్రంగి నన్ను కొన్నాడు. నాతో ఎన్నో మంచాలు, తలుపులు, ఉయ్యాలలు చేశాడు. తర్వాత జనం తలుపులు కొట్లో కొనుక్కోవడం మొదలుపెట్టారు. అయినా ద్వారబంధం నిలబెట్టే ముహూర్తానికి మాత్రం అతన్ని పిలిచి, ఆ కొన్న చెక్కకే పసుపు రాయించుకునేవారు. పని అక్కర్లేకపోయినా పనివాడి చేయి తగలాలి, అదీ మనుషుల లెక్క.

ఆ రోజుల్లోనే ఊరి చివర రేకుల షెడ్డులో కుర్రవాళ్లకు తేనెటీగల పెంపకం నేర్పడం మొదలుపెట్టారు. ఎవరి పెట్టె వాళ్లే చేతిపనిముట్లతో చేసుకోవాలి. అది నేర్పడానికి అప్పలాచారిని పెట్టారు. అతను ఆడపిల్లలకు కూడా పనిముట్లు ఇవ్వడం అతని అన్నకు నచ్చలేదు.

"పూజ సేసే సామాను ఆడోళ్ల సేతికిస్తావేట్రా?" అన్నాడు అన్న.

"పూజ ఏడాదికోపాలి అన్నా, పని రోజూ ఉంటాది," అన్నాడు అప్పలాచారి.

అలా నేను దమయంతి చేతికి వచ్చాను. అంతకుముందు ఆమె జీడిపిక్కల షెడ్డులో పనిచేసేది. జీడి రసం కాల్చిన మచ్చలు వేళ్ల మీద ఇంకా పోలేదు. దసరా లోపల పెట్టెలోకి ఈగలు రాకపోతే మళ్లీ పిక్కలు కొట్టడానికే పొమ్మని తల్లి తేల్చి చెప్పింది. మొదట్లో ఆమె నన్ను కూరగాయల కత్తిలా పట్టుకునేది. కొన్నాళ్లకు, చెక్క పీచు ఎటు వాలుతుందో చూసి నన్ను అటే నడిపించడం నేర్చుకుంది. ఆమెతో పాటు నేర్చుకుంటున్న ఢిల్లేశ్వరరావు పెట్టెలో అప్పటికే ఈగలు చేరాయి. ఆ గర్వాన్ని దాచుకునే అలవాటు అతనికి లేదు.

"ఏటే, నీ పెట్టిలో సీమలైనా సేరతాయా?" అనేవాడు.

"నీ పెట్టికి మూలలు కలవనేదు. ఈగలు జారిపోకుండా సూసుకో," అనేది ఆమె.

మహర్నవమి వచ్చింది. అప్పలాచారి మా అందరినీ కడిగి, సానపట్టి, అరటాకు మీద వరసగా పడుకోబెట్టాడు. ఒక్కొక్కరికీ ముందు పసుపు రాసి, ఆ పసుపు మీద కుంకుమ బొట్టు పెట్టాడు.

"ఇయ్యాల ఈటికి సెలవు. రేపటిదాకా ఎవులూ ముట్టకండి," అని చెప్పి, పక్కనే ఉన్న ఇంటికి వెళ్లి, భోంచేసి పడుకున్నాడు.

మధ్యాహ్నం షెడ్డు వెనక పనస కొమ్మకు ఈగల గుంపు వచ్చి వాలింది. కొత్త గూడు వెతుక్కునే గుంపు అలా కాసేపే ఆగుతుంది. చోటు దొరికిందంటే లేచి ఎగిరిపోతుంది. దమయంతి పెట్టె అంతా పూర్తయింది, ఒక గోడకు గాడి తప్ప. ఈగలు పట్టు కట్టే చట్రాలు రెండు వైపులా గాడిలోనే ఆనాలి. ఒకవైపు లేకపోతే నిలబడవు.

"ఓలమ్మో, ఎలిపోతాయిరా!" అంది దమయంతి.

"అప్పలాచారి తాతని లేపి అడుగు," అన్నాడు ఢిల్లేశ్వరరావు. ఈసారి వేళాకోళం చేయలేదు.

"నేదంటే?"

"నేదంటే నేదు."

ఆమె అడగలేదు. అరటాకు మీంచి నన్ను తీసి, చున్నీ అంచుతో నా బొట్టు తుడిచింది. పనస చెక్క పచ్చని ముక్కలుగా లేచి పూజ పెట్టిన చోటే పడింది. గాడి ఎక్కడా వంకర పోలేదు. పని కాగానే నేల ఊడ్చేసింది. ఢిల్లేశ్వరరావు కొమ్మ కింద గోనెసంచి పట్టుకుని, ఈగల కుట్లు తింటూ సాయం చేశాడు. ఈగలు పెట్టెలోకి దిగాయి. ఆమె నన్ను కడిగి, తుడిచి, మళ్లీ కుంకుమ పెట్టి ఆకు మీద ఉంచింది. బొట్టు కింద పసుపు రాయడం మరిచిపోయింది.

సాయంత్రం దీపం వెలిగిస్తూ అప్పలాచారి నన్నే చూశాడు. వెనక పెట్టెలో గుయ్యిమనే చప్పుడు విన్నాడు. అతను అడగకముందే ఆమె, "నానే తాతా," అంది.

"నన్నొక్కపాలి లేపకూడదేటే?"

"నేదంటావని."

"అవును, నేదనే అందును." దీపం వత్తి సరిచేశాడు. "ఈగలు ఎలిపోవును. నువ్వు మళ్లీ పిక్కల్లోకి ఎల్దువు. అప్పుడా తప్పు నాదవును."

ఆమె తలెత్తలేదు. ఇంతలో ప్రసాదానికని అతని అన్న వచ్చాడు. పెట్టె దగ్గర చెవి పెట్టి, "ఈ పిల్ల పెట్టిలో ఈగలు ఎప్పుడు సేరినాయి?" అని అడిగాడు.

"నిన్న," అన్నాడు అప్పలాచారి.

ఎదురుగా దీపం వెలుగుతోంది. మేమంతా ఆకు మీద వింటూనే ఉన్నాం. కొబ్బరికాయ కొట్టి అందరికీ పంచాడు. దమయంతికి ముక్క ఇచ్చేటప్పుడు మాత్రం పక్కకు చూశాడు. ఆమె కూడా ఆ ముక్కను చేతిలోనే పట్టుకుని నిలబడింది.

ఈగలు ఉండిపోయాయి. దమయంతి మళ్లీ పిక్కల షెడ్డుకు వెళ్లలేదు. ఇప్పుడు ఊళ్లోవాళ్లకు కూడా పెట్టెలు చేసి పెడుతోంది. కాని అప్పలాచారి నన్ను ఆమెకే ఇచ్చేసినా, ఆ రోజు తర్వాత ఆమె నన్ను చెక్క మీద పెట్టలేదు. వేరే ఉలి కొనుక్కుంది.

"అది తుప్పట్టిపోతాదే, పనికెట్టు," అని అప్పలాచారి ఒకటి రెండుసార్లు చెప్పి చూశాడు.

"ఒగ్గీ తాతా. దాని సెలవు నాను తినీసినాను. పడుకోనీ," అంది ఆమె.

ఇప్పుడు నేను ఆమె ఇంట్లో దేవుడి పటాల పక్కన ఉంటున్నాను. వారం వారం పసుపు రాసి, దాని మీద కుంకుమ పెడుతుంది. ఇప్పుడు ఏదీ మరిచిపోదు. బొట్టు కింద నా అంచు మెల్లగా ఎర్రబారుతోంది. ఆమె కళ్లు మూసుకుని, నాకు ఇష్టం లేని పని తను చేయించిందనుకుని నాకే దండం పెడుతుంది. అప్పుడు నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఆ మధ్యాహ్నం నేనేమీ మొరాయించలేదు. అంత ఇష్టంగా తీసిన గాడి నా బతుకులో మరొకటి లేదు.