నడుమనున్న సమాధి

మా వేద పళ్ళ డాక్టరవుతుందని ఆశపడ్డాను. పళ్ళే చూస్తోంది, కాదనను. కాకపోతే అవన్నీ ఐర్లండ్‌లో పధ్నాలుగు వందల ఏళ్ళ కిందట పోయినవాళ్ళవి.

చిన్నప్పుడు ఏ ఊరి తిండీ నీళ్ళూ ఒంటబట్టాయో ఆ జాడ పంటి పైపొరలో చచ్చినా చెరగదట. దాన్నిబట్టి ఎవరు ఆ ఊళ్ళో పుట్టారో, ఎవరు బయటినుంచి వచ్చారో చెబుతారు. ఒక పాత శ్మశానంలో తన వంతుకొచ్చిన ఇద్దరాడవాళ్ళలో ఒకామె దూరదేశం మనిషని వేద కనిపెట్టింది. ఆమె సమాధి అందరికీ ఎడంగా ఓ మూలనుంది. వచ్చినామెని దూరం పెట్టారని థీసిస్‌లో రాసేసింది. నాకు చదివి వినిపిస్తే, అంతేగా మరి అనుకున్నాను. సోమవారం అది ప్రొఫెసర్ల ముందు చదవాలి.

శనివారం ఇంటికొచ్చి ఫ్రిజ్‌లోంచి డబ్బా తీసింది. మూత మీద పెరుగు అని నా చేత్తో రాసుంది, లోపల గోంగూర. అమెరికాలో మా క్యారీ ఊళ్ళో ఏ తెలుగింట్లోనైనా ఇంతే, ఖాళీ డబ్బా పారేసే పాపం ఎవరూ చేయరు.

"అమ్మా, లిడ్ మీద ఎందుకు రాస్తావ్? లిడ్స్ మారిపోతాయి కదా."

"మారితే తీసి చూసుకుంటాం. కొంపేం మునగదు."

వేద నవ్వలేదు. కుర్చీలో కూలబడింది. "ల్యాబ్‌లో నేను కూడా లిడ్స్ మీదే రాశాను. ఆ ఇద్దరి పళ్ళ డబ్బాలూ ఒకేసారి ఓపెన్ చేశాను, లిడ్స్ మారాయేమో."

రెండేళ్ళ కష్టం, పైగా మూత మీద రాయడం నేర్పింది నేనే. ఎవరికి తెలుస్తుందిలే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. సిగ్గేసి మింగేశాను.

"ప్రొఫెసర్‌కి ఫోన్ చేసి చెప్పు" అన్నాను.

చెప్పింది. ఆయన అరవలేదట. ప్రెజెంటేషన్ నెల వాయిదా వేసి, మిగిలిన పంటి ముక్కలతో మళ్ళీ చేయమన్నారు. లెక్క తేలకపోతే ఆ చాప్టరే ఉండదన్నారు. అదృష్టం, ఆ ముక్కలు సమాధి నంబర్లు రాసిన సంచుల్లో విడివిడిగా ఉన్నాయి. నెలరోజులూ ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

నిన్న నేను ఆఫీస్‌లో ఉండగా ఫోన్ చేసింది. "అమ్మా, నిజంగానే మారిపోయాయి. కార్నర్‌లో ఉన్నామె లోకల్, అక్కడే పుట్టింది. దూరం నుంచి వచ్చింది ఇంకొకామె."

"ఆవిడెక్కడుంది?"

"మధ్యలో. చుట్టూ అందరూ ఆ ఊరివాళ్ళే. పక్కనే చిన్న బేబీ కూడా ఉంది."

ఈ దేశం వచ్చి ఇరవయ్యారేళ్ళయింది. వచ్చినామెని దూరం పెట్టారంటే నాకప్పుడు వింతెందుకు అనిపించలేదో తెలిసి, కళ్ళు నిండాయి.

"రాయి వేదా," అన్నాను. "నడుమ పెట్టుకున్నారని రాయి."