పదకొండు సున్నపు పూతలు

అబిగయీలు చేతిలోని సుత్తి పెద్దదేమీ కాదు, కొబ్బరికాయ కొట్టడానికి కూడా చాలదు. కానీ బోగోలు ఊరు దాటి సముద్రం వైపు తిరిగే రోడ్డు మీద ఉన్న ఆ ఫ్యాక్టరీలో ఆమె సుత్తి మాటే మాట. కూల్చేసిన ఇళ్ల ముక్కలు అక్కడికి లారీల్లో వస్తాయి. ఆమె ఒక్కో ముక్క మీద ఒక దెబ్బ వేసి వింటుంది. ఖణేల్‌మంటే మంచి సరుకు, బెల్టు మీదికి పోతుంది. దబ్బుమంటే మట్టి సరుకు, పక్కకి పోతుంది. బెల్టు ఎక్కినదాన్ని మర పిండి చేస్తుంది. ఆ పిండిలోంచి పాత సిమెంటును వేరు చేసి, కొలిమిలో కాల్చి, మళ్లీ కొత్త సిమెంటు చేస్తారు. దీనివల్ల సున్నపురాయి కోసం కొండలు తవ్వనక్కర్లేదనీ, పొగ కూడా తక్కువనీ మేనేజరు జీవానందం వచ్చిన ప్రతివాడికీ వల్లిస్తాడు. మనుషులు బతికిన గోడల్ని నిప్పుల్లో వేస్తే వాటికేమనిపిస్తుందో అడిగినవాడు మాత్రం ఇంతవరకు లేడు.

అబిగయీలు ఇంటి తలుపుకి గడియ వెయ్యక పదకొండేళ్లయింది. దొంగలంటే భయం లేక కాదు, భర్త వస్తాడని.

భర్త పేరు సమాధానం. పడవల మీద నంబర్లు రాయడం అతని పని. చేతిలో పని లేని రోజుల్లో వేటకు పోయేవాడు. ఎనిమిది అంకెను అందరిలా మెలితిప్పి రాసేవాడు కాదు, ఒక సున్నా మీద ఇంకో సున్నా పెట్టేవాడు. ఒడ్డున ఏ పడవ చూసినా అది సమాధానం చెయ్యో కాదో ఎనిమిదే చెప్పేది. వేట నుంచి తిరిగొస్తే తలుపు కొట్టడంలోనూ అతనిది ఒక తీరు. వెంటవెంటనే రెండు దెబ్బలు, కాస్త ఆగి ఇంకొకటి.

పదకొండేళ్ల కిందట నవంబరు పదిహేనున, అతను వెళ్లిన పడవ తుఫానులో బోల్తా పడింది. నలుగురిలో ముగ్గురు శవాలై ఒడ్డుకొచ్చారు. అతను రాలేదు. అబిగయీలు రెండు రోజులు తిండీ నీళ్లూ లేకుండా ఒడ్డునే నిలబడింది. రెండో రోజు సాయంత్రం, అంటే పదిహేడున, చర్చి సంఘపెద్దలు ఆమెను బలవంతాన ఇంటికి లాక్కొచ్చారు. మర్నాడు తెల్లవారుతుండగా తలుపు చప్పుడైంది. టక్ టక్. కాస్త ఆగి, టక్. పరుగెత్తి తలుపు తీస్తే ఎవరూ లేరు. గడప తడిసి ఉంది. వాన పడుతోంది కాబట్టి ఆ తడి గురించి గట్టిగా చెప్పుకోవడానికీ లేదు. ఆ చప్పుడు సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే పిచ్చిదంటారు. మనసులో మాత్రం, ఆయన బతికే ఉన్నాడని గట్టిగా ముడివేసుకుంది.

శవం లేకపోయినా ఏడవడానికి ఒక చోటుండాలని సంఘపెద్దలు ఊరి సమాధులుండే దేవుడి తోటలో ఖాళీ సమాధి కట్టించారు. అబిగయీలు ఒక్క షరతు పెట్టింది. దాని మీద పేరు చెక్కకూడదు. చెక్కితే తన చేత్తో తనే చంపినట్టవుతుందని ఆమె భయం. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెదో దారి అన్నారు నలుగురూ. ఆమె వినలేదు. అయినా ఏటా నవంబరు రెండున, సమాధుల పండక్కి అందరూ తమవాళ్ల సమాధులకు వెల్లవేసి కొవ్వొత్తులు వెలిగిస్తుంటే తనూ వెళ్లేది. సున్నంలో నీలిమందు కలిపి పూసేది. కిందటేడాది ముందటేడు మాత్రం నీలిమందు దొరక్క, భర్త వదిలిపోయిన రంగుపొడుల్లో పడవలకు వేసే ఆకుపచ్చ కాస్త ఉంటే అది కలిపింది.

జనవరిలో ఒక మంగళవారం మిట్టమధ్యాహ్నం లారీ డ్రైవరు హజరత్తయ్య ఒక లోడు దింపాడు.

"ఏ ఊరి ఇల్లబ్బయ్యా ఇది?" అనడిగింది అబిగయీలు.

"ఇల్లు కాదక్కా. హార్బరు రోడ్డు వెడల్పు చేస్తా ఉండారు గదా, ఆడ గోడలు కొట్టేసినారు" అన్నాడు అతను, ఆమె మొహం చూడకుండా.

సరుకు మంచిది. ప్రతి ముక్కా ఖణేల్‌మంది. ఒకదాని వెనక ఒకటి కొట్టి బెల్టు మీదికి తోసింది. సగం లోడు మర నోట్లోకి పోయాక, ఒక ముక్క మీద వెయ్యడానికి సుత్తి ఎత్తింది. అది ఇంకా కిందికి దిగనే లేదు. అడుగున మిగిలిన కుప్పలోంచి చప్పుడు వచ్చింది.

టక్ టక్. కాస్త ఆగి, టక్.

పక్కన మేకులు ఏరుతున్న పుష్పకుమారి కూడా తలెత్తింది. "ఎవురక్కా కొట్టింది?" అంది.

అబిగయీలు తన ముందున్న ముక్కను తిప్పి, విరిగిన అంచు చూసింది. సున్నపు పొరలు. ఒకదాని మీద ఒకటి, లేత నీలంగా. గోటితో గీరుతూ లెక్కపెట్టింది. పదకొండు. పైనుంచి రెండోది ఆకుపచ్చ.

"బెల్టు ఆపండి!" అని అరిచింది. మర ఆగేసరికి బెల్టు మీదున్నదంతా దాని నోట్లోకి పోయింది.

హజరత్తయ్య దగ్గరికి పోయి చొక్కా పట్టుకుంది. అతను దాచలేకపోయాడు. "దేవుడి తోటలో ముందు వరస సమాధులక్కా. చెబితే మీరు ముట్టుకోరని చెప్పలేదు. సమాధుల మీది పేర్లు రాసుకోని గుళ్లో మూడు ఆదివారాలు చదివినారంట. పేరున్నోళ్ల తాలూకు మనుషులంతా వచ్చి తమోళ్లని వెనక వరసకి మార్చుకున్నారు. ఇది ఒక్కటే పేరు లేకుండా ఉండె. ఎవురూ లేని సమాధి అనుకున్నారు రోడ్డు పనోళ్లు."

ఆ మూడు ఆదివారాలూ అబిగయీలు గుళ్లోనే ఉంది. పాస్టరుగారు పేర్లు చదువుతుంటే, ఆ చావులు తనవి కావన్నట్టు పక్కావిడతో ఉల్లిపాయల గురించి మాట్లాడింది. ఇప్పుడు ఎవరిని తిడుతుంది? పేరు వద్దన్నది తను. సుత్తితో కొట్టి, మంచి సరుకని మర నోట్లోకి తోసిందీ తనే. సుత్తి కింద పడేసింది. ఏడుపు మాత్రం రాలేదు.

మరుసటి రోజు ఆ పిండి కొలిమిలోకి పోయింది. గిర్రున తిరిగే ఆ ఇనప కొలిమి లోపలినుంచి రోజంతా అదే చప్పుడు. రాయేదో ఇరుక్కుందని దాన్ని చల్లార్చి, తెరిచి చూశారు. ఏమీ లేదు. మళ్లీ రాజేస్తే మళ్లీ మొదలు. దేనికీ జడవని జీవానందం కూడా ఆ రోజు మధ్యాహ్నమే ఇంటికి పోయాడు.

మూడో రోజు ఆ సిమెంటుతో సముద్రం కోతకు అడ్డం వేసే దిమ్మెలు పోశారు. అబిగయీలు మేనేజరు ముందు నిలబడింది.

"సార్, ఆ సిమెంటుతో పోసిన దిమ్మె ఒకటి నాకియ్యండి."

జీవానందం కారణం అడగలేదు. "తీసుకో తల్లీ. తీసుకోని, ఆ చప్పుడేందో నువ్వే ఆపు" అన్నాడు.

సాయంత్రం అందరూ వెళ్లాక పచ్చి దిమ్మె ముందు కూర్చుంది. లోపలినుంచి సన్నగా, అలసిపోయినట్టుగా అదే చప్పుడు. మేకు తీసి మెల్లగా రాసింది. సమాధానం. కింద మరణం అని రాసి, గీత గీసింది. తేదీ దగ్గర చెయ్యి ఆగిపోయింది. పడవ మునిగిన పదిహేను రాయాలా? మనసొప్పలేదు. ఖాళీగానే వదిలేసి లేచింది. కాపలా ముత్యాలయ్య ఆమె వెనకే గేటుకి తాళం వేశాడు.

పొద్దున వచ్చేసరికి దిమ్మె గట్టిపడి ఉంది. చప్పుడు లేదు. మరణం అన్న మాట పక్కన గీత మీద అంకెలున్నాయి. మేకుతో గీసినవి కావు, వేలితో నొక్కినవి.

18-11.

ఆ ఎనిమిది, ఒక సున్నా మీద ఇంకో సున్నా.

అబిగయీలు ఆ సున్నాల్లో తన వేలు పెట్టి చూసుకుంది. పద్దెనిమిది. తలుపు చప్పుడైన రోజు. అంటే పడవ మునిగాక కూడా ఆయన మూడు రోజులు ఆ నీళ్లలో బతికే ఉన్నాడు. తనను ఒడ్డు మీంచి లాక్కొచ్చినప్పుడు కూడా బతికే ఉన్నాడు. ఆ తెల్లవారుజామున వచ్చింది బతికొచ్చానని చెప్పడానికి కాదు, పోతున్నానని చెప్పడానికి. చెప్పి పోదామని వచ్చిన మనిషిని పదకొండేళ్లు గడప దగ్గరే నిలబెట్టింది.

హజరత్తయ్య డబ్బులడక్కుండా దిమ్మెను దేవుడి తోటకు చేర్చి, వెనక వరసలో దింపాడు. మిగతా దిమ్మెల్ని లారీలు సముద్రం వైపు మోసుకుపోయాయి.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి అబిగయీలు తలుపు మూసింది. గడియ తుప్పు పట్టి కదల్లేదు. కొబ్బరినూనె వేసి, రెండు చేతులా లాగి వేసింది. తలుపుకు చెవి ఆనించి దీపాలు పెట్టే వేళదాకా నిలబడింది.

ఎవరూ కొట్టలేదు. అప్పుడు ఏడ్చింది.