కిందిమామ తోలిన బండి

ట్రాక్టరు బండి కింద గోనెపట్టా మీద వెల్లకిలా పడుకున్న మనిషి కాళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. ఎడమ మడమ మీద పాత కాలిన మచ్చ. కుడికాలి బొటనవేలికి గోరు లేదు. అరవై మూడేళ్ళ ఆ కాళ్ళను ఊళ్ళో చాలామంది ఆయన మొహం కంటే బాగా గుర్తుపడతారు. ఎవరైనా షెడ్డుకొచ్చి "మామ ఎక్కడ?" అంటే "కింద" అనే జవాబే వచ్చేది. వినీ వినీ జనం ఆయనకు కిందిమామ అని పేరు ఖాయం చేసేశారు. అసలు పేరు రేషన్ కార్డు మీద ఉంటే ఉండవచ్చు.

కిందిమామ గ్రీజుగన్ను గట్టిగా నొక్కాడు. జాయింటు అంచున పాత నల్ల గ్రీజు మెల్లగా బయటికి తోసుకొచ్చి, దాని వెనకాల కొత్త పసుపుపచ్చ గ్రీజు తొంగిచూసింది. చిటికెనవేలితో తుడిచి, వేళ్ళ మధ్య రాసి చూసుకున్నాడు. ఇనుప రజను తగల్లేదు. తృప్తిగా పాక్కుంటూ బయటికొచ్చి, మోకాళ్ళ మీద చేతులు వేసుకుని రెండు విడతలుగా లేచి నిలబడ్డాడు.

బండి వెనక వేలాడుతున్న దాన్ని ఒకసారి తేరిపార చూశాడు. నాలుగు నెలల పని అది. అయిదడుగుల చానల్ కమ్మీ, దాని చుట్టూ మూతపడిన మిల్లులోంచి వచ్చిన బరువైన గొలుసు. గొలుసుకు జానెడు జానెడు దూరంలో లారీ కమాన్‌పట్టీల్లోంచి కోసి, నిప్పుల్లో కాల్చి, నూనెలో ముంచి గట్టిపరిచిన పళ్ళు. బండి వెనక తిరిగే షాఫ్టు తిప్పుడును పక్కకు మళ్ళించడానికి, తుక్కుగా పడేసిన జీపు వెనక ఇరుసులోని గేర్లను ఒక పక్క కోసి బిగించాడు. పైపు వేయడానికి నేలలో సన్నగా, లోతుగా కాలువ తీసే మిషను అది. ఆయన భార్య దానికి మొసలి అని పేరు పెట్టింది.

"మీ మొసలికి స్నానం అయిందా?" అంది ఆవిడ షెడ్డు గుమ్మంలో నిలబడి.

"అయింది. దానికి ఈరోజు మన్ను తినిపించాలి."

"తింటుందో, మళ్ళీ కక్కుతుందో."

ఆ ఎత్తిపొడుపుకు కారణం ఉంది. బావి దగ్గర నుంచి చివరి చెక్కలోని నిమ్మతోట దాకా నూట ముప్పై గజాలు. పైన పరిచిన గొట్టం రెండు ఎండలకే పగిలిపోయింది. తవ్వించబోతే కూలీల గునపాలు ఆ గరపనేల మీద చెంగున ఎగిరాయి. మూడో రోజు వాళ్ళు చెప్పకుండానే మానేశారు. పొక్లెయినుకు సందులో దారి లేదు. నిమ్మచెట్లేమో చిగురు మాని ముడుచుకుపోతున్నాయి. అవి పెంచింది ఆయన అన్న. ఆ అన్న ఎనిమిది నెలలుగా ఊపిరితిత్తుల జబ్బుతో కిటికీ పక్క మంచానికే పరిమితమై, కనపడిన ప్రతివాణ్ణీ "చెట్లెలా ఉన్నాయి?" అని అడుగుతున్నాడు. బాగున్నాయని అబద్ధం చెప్పడం తమ్ముడికి చేతకావడం లేదు.

నాలుగు రోజుల కిందట మొదటిసారి మొసలిని నేలలోకి దించారు. గొలుసు బ్రహ్మాండంగా తిరిగింది. కానీ బండి ఎంత చిన్న గేర్లో వేసినా మనిషి నడక వేగం కంటే తగ్గలేదు. గొలుసు మన్ను తీసేలోపే బండి ముందుకు ఉరకడం, పళ్ళు నేలలో ఇరుక్కోవడం, ఇంజను చచ్చిపోవడం. కిందిమామ క్లచ్ తొక్కుతూ వదులుతూ తంటాలు పడుతుంటే కిటికీలోంచి అన్న గొంతు దగ్గు మధ్యలోంచి వినిపించింది.

"ఒరేయ్ చిన్నోడా! క్లచ్ కాల్చేస్తున్నావురా! ఆ బండికి అంత నిదానం చేతకాదు. నీకు అసలే చేతకాదు. దిగు!"

దిగాడు. అరవై మూడేళ్ళ వయసులో కూడా అన్న దిగమంటే ఆయన దిగుతాడు.

నలభై ఏడేళ్ళ కిందట ఆ బండి ఇంటికొచ్చిన రోజు కూడా అంతే. అప్పటికే అది ఇంకొకరు వాడి వదిలేసిన బండి. ఇరవయ్యేళ్ళ అన్న ఒక్క గంతులో సీటెక్కి, ఏదో రాజ్యం వచ్చినట్టు చక్రం పట్టుకున్నాడు. పదహారేళ్ళ తమ్ముడు మాత్రం బండి కింద నేల మీద చుక్కలు చుక్కలుగా పడుతున్న నూనె చూసి, అది ఎక్కణ్ణుంచి వస్తోందో కనుక్కుందామని కిందికి దూరాడు. ఎవరి చోటు వాళ్ళకు ఆరోజే స్థిరపడిపోయింది. మధ్యలో ఒక్కసారి, పందొమ్మిదేళ్ళప్పుడు, అన్న లేనప్పుడు చూసి కిందిమామ బండి తోలాడు. పది బారలు పోయి గడ్డివామిలోకి దూసుకెళ్ళాడు. అన్న తిట్టలేదు. తలమీది గడ్డి దులిపి, "నీ చెయ్యి పానాకి అచ్చొచ్చిందిరా. చక్రం నాకొదిలెయ్" అన్నాడు. తర్వాత ఆయన మళ్ళీ అడగలేదు.

అన్న దున్నితే సాలు దారం పట్టి గీసినట్టు ఉండేది. చుట్టుపక్కల ఎవరికి పనిపడినా "డ్రైవరును పిలవండి" అనేవారు. బండి వెనక కొక్కెం మీద నిలబడి, మడ్‌గార్డు పట్టుకుని తమ్ముడు కూడా వెళ్ళేవాడు. అన్న పాడుతూ తోలేవాడు. పెద్ద గొంతేమీ కాదు, శ్రుతి అసలే లేదు. కానీ ఆ పాటే తమ్ముడికి ఇంజను ఆరోగ్యం చెప్పేది. పాట మధ్యలో ఆగిందంటే అన్న చెవికి ఏదో తేడా తగిలిందన్నమాట. వెంటనే ఇతను కిందికి దూకి, పానాల సంచి విప్పేవాడు. పని అయ్యాక జనం డ్రైవరుకు మంచం వాల్చి, మంచినీళ్ళిచ్చి, సాలు ఎంత తిన్నగా వచ్చిందో పొగిడేవారు. అప్పటికి తమ్ముడు బండి కింద ఇంకేదో బిగిస్తూ ఉండేవాడు. వదిన ఒక్కతే వంగి చూసి, "మరిదీ, బయటికి రా, తిందువుగాని" అని పిలిచేది.

నాలుగు రోజుల కిందట బండి ఆగిపోయిన ఆ సాయంత్రం ఆయన తల పట్టుకుని కూర్చుంటే భార్య "మీకు తోలడం రాకపోతే లాక్కుపోండి" అంది.

"వేళాకోళమా?"

"వేళాకోళం ఏముంది? ఇంజను పని గొలుసు తిప్పడం. బండిని నడిపే పని దానికెందుకు? న్యూట్రల్‌లో పెట్టి, ముందునుంచి తాడేసి మనమే మెల్లగా లాగుదాం."

కిందిమామ తల మీంచి చేతులు తీశాడు. పెళ్ళయిన ముప్పై ఎనిమిదేళ్ళలో ఆవిడ ఒక్క పానా పట్టుకోలేదు. మర్నాడే షెడ్డులో మూలనున్న చేతి వించిని దించి, కొత్త ఇనుపతాడు చుట్టి, బండి ముందు భాగంలో బోల్టులేసి బిగించాడు. ముందు ఇరవై గజాల దూరంలో నేలలో ఇనుపమేకు దిగ్గొట్టి, తాడు కొస దానికి తగిలించి, పిడి తిప్పితే చాలు. బండి తనను తానే మేకు దగ్గరికి అంగుళం అంగుళంగా లాక్కుంటుంది.

"బావగారికి చెప్పరా?" అని అడిగింది భార్య.

"చెప్పను. కిటికీలోంచి ఎలాగూ కనపడదు, చెవితో కనుక్కోమను. బండి గుణం తనకొక్కడికే తెలుసంటాడుగా."

గ్రీజు పెట్టిన ఆ పొద్దున ఎండ ఇంకా ముదరకముందే మొదలుపెట్టారు. కిందిమామ సీటెక్కాడు. ఎక్కేటప్పుడు అలవాటు లేక ఎడమకాలు ముందు వేయాలో కుడికాలు వేయాలో తడబడ్డాడు. ఇంజను అందుకుంది. గొలుసు గలగలమంటూ కదిలింది. లీవరు మెల్లగా దించగానే పళ్ళు నేలను పట్టుకున్నాయి. గరపరాయి కరకరమని అరిచి, పొడిపొడిగా రెండు పక్కలా కుప్పపడసాగింది. ముందు పక్కన ఆవిడ రెండు చేతులతో పిడి పట్టుకుని తిప్పుతోంది. బండి కదులుతోందో లేదో చక్రం పక్కనున్న గడ్డిపోచను చూస్తే తప్ప తెలియడం లేదు.

వెనక్కి తిరిగి చూశాడు. జానెడు వెడల్పు, రెండున్నర అడుగుల లోతు. గోడలు కత్తితో కోసినట్టున్నాయి.

"తింటోంది!" అని అరిచాడు.

"తిననివ్వండి, దిష్టి పెట్టకండి!" అని ఆవిడ కూడా అరిచింది.

మూడో మేకు దగ్గర ఏదో బండరాయి తగిలి, టప్పున చప్పుడై గొలుసు ఆగిపోయింది. ఆవిడ భయపడింది గానీ ఆయన నవ్వాడు. షాఫ్టుకు ఆయన కావాలనే ఒక మెత్తటి బోల్టు వేసి ఉంచాడు. భారం ఎక్కువైతే అది తెగి మిగతా సామానును కాపాడుతుంది. ఆయన ఇంజను ఆపి, అలవాటైన చోటికి, బండి కిందికి, దూరి తెగిన ముక్క తీసి కొత్తది వేశాడు. జేబులో అలాంటివి ఇంకో ఆరున్నాయి.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికెళ్తే అన్న దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కొన్ని వారాలుగా ఆయన అలా కూర్చోలేదు. మొహం పీక్కుపోయింది గానీ కళ్ళలో పాత చురుకు తిరిగొచ్చింది.

"ఏం గేరురా అది?" అన్నాడు రాగానే.

"నువ్వే చెప్పు."

"మొదటిదయితే అంత నిదానం రాదు. క్లచ్ సగం మీద పట్టుకున్నావనుకుంటే..." దగ్గొచ్చింది. వదిన వీపు నిమిరింది. ఆయన ఊపిరి కూడగట్టుకుని, "సగం మీద ఇంతసేపు పట్టుకుంటే కాలిన వాసన రావాలి. వాసన లేదు. ఏం చేశావురా దొంగవెధవా?"

"చెప్పను. సాయంత్రం దాకా వింటూ ఉండు. నీకే తెలుస్తుంది."

అన్న నవ్వాడు. నవ్వు దగ్గుగా మారింది, అయినా నవ్వాడు. "చెట్లెలా ఉన్నాయి?" అని అడిగాడు, దగ్గు ఆగాక.

"బాలేవు," అన్నాడు కిందిమామ. ఎనిమిది నెలల్లో మొదటిసారి ఆయనకు ఆ నిజం చెప్పడానికి ధైర్యం వచ్చింది. "ఈరోజు కాలువ పూర్తయిపోతుంది. ఎల్లుండికి నీళ్ళొస్తాయి."

అన్న తల ఊపి, కిటికీ వైపు తిరిగి, "వెళ్ళు, వెళ్ళు. బండి చల్లారనీయకు" అన్నాడు.

భోజనం చేశాక ఆవిడ అరచేతులకు గుడ్డపీలికలు చుట్టుకుంది. పిడి నేను తిప్పుతాను, నువ్వు సీటెక్కు అని ఆయన అంటే, "ఆ లీవర్ల సంగతి నాకేం తెలుసు? ఎవరి పని వాళ్ళు చేద్దాం" అంది. బండి మళ్ళీ మేకు నుంచి మేకుకు పాకింది. ఎండ వాలేకొద్దీ నేల రంగు మారి, గరప పోయి మెత్తటి ఎర్రమన్ను తగిలింది. గొలుసు శబ్దం కూడా మెత్తబడింది. ఎప్పుడు మొదలుపెట్టాడో తెలియదు గానీ కిందిమామ తను పాడుతున్నట్టు గమనించాడు. అన్న పాడే పాటే. శ్రుతి తనకూ లేదు. ఇంజను హోరులో ఎవరికీ వినపడదులే అని గొంతెత్తి పాడాడు. సీటు మీద కూర్చుంటే పొలం ఎంత దూరం కనిపిస్తుందో ఆయనకు ఇన్నేళ్ళకు తెలిసింది. ఇంత ఎత్తు నుంచి చూస్తూ పాడకుండా ఉండటం ఎవరి తరమూ కాదనిపించింది.

చివరి నిమ్మచెట్టుకు రెండు బారల దూరంలో లీవరు పైకెత్తాడు. మొసలి మన్ను కార్చుకుంటూ లేచింది. ఇంజను ఆపేసరికి చెవుల్లో నిశ్శబ్దం గుయ్యిమంది. ఆవిడ పిడి వదిలేసి అక్కడే గట్టు మీద కూలబడింది. పీలికలు విప్పితే అరచేతుల్లో నాలుగు బొబ్బలు.

"అన్నకు చెప్పి వద్దాం పద," అన్నాడాయన. "కనుక్కుని ఉండడు. పందెం."

ఇద్దరూ కాలువ పక్కనే నడుచుకుంటూ ఇంటికొచ్చారు. వదిన గుమ్మంలో కూర్చుని ఉంది. చేతిలో తడిగుడ్డ. ఏడవడం లేదు. వాళ్ళను చూసి లేవలేదు కూడా.

"ఇప్పుడే... అరగంటయింది," అంది. "ఇంజను తిరుగుతూనే ఉంది."

కిందిమామకు ముందు అర్థం కాలేదు. భార్యకు అర్థమై వెళ్ళి వదిన పక్కన కూర్చుంది.

"పిలవాల్సింది కదా అక్కా."

"వద్దన్నాడు. 'పిలవకే, మధ్యలో ఆపితే చెయ్యి కుదరదు' అన్నాడు. మధ్యాహ్నం నుంచీ ఒకటే వినడం. నన్ను మాట్లాడనివ్వలేదు, గిన్నె చప్పుడు కూడా చేయనివ్వలేదు." వదిన గుడ్డను మడతపెట్టి మళ్ళీ విప్పింది. "ఉన్నట్టుండి, 'వీడెప్పుడు నేర్చుకున్నాడే తోలడం?' అన్నాడు. 'క్లచ్ మీద ఇంత నిదానం నా వల్ల కూడా కాలేదే. నలభై ఏళ్ళు అనవసరంగా కింద పడుకోబెట్టాను వాణ్ణి' అన్నాడు మరిదీ."

భార్య తలెత్తి ఏదో చెప్పబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది. బొబ్బలెక్కిన అరచేతులను ఒళ్ళో ఒకదాని మీద ఒకటి బోర్లించుకుంది.

"ఇంజను ఆగాక చూడ్డానికి వెళ్దాం, చెప్పులు తీసిపెట్టమన్నాడు," అంది వదిన. "నడవలేవయ్యా అంటే, వాడే వచ్చి బండి మీద తీసుకెళ్తాడులే అన్నాడు."

కిందిమామ లోపలికి వెళ్ళాడు. అన్న మొహం కిటికీ వైపే ఉంది. మంచం పక్కన నేల మీద కూర్చుని, చల్లబడుతున్న ఆ చేతిని గ్రీజు మరకల చేతుల్లోకి తీసుకున్నాడు. చెప్పాల్సింది చాలా ఉంది. న్యూట్రల్ సంగతి, వించి సంగతి, ఆ ఆలోచన తనది కాదన్న సంగతి. ఏదీ చెప్పలేదు. "అవునన్నా," అన్నాడంతే. "నేనే తోలాను."

మంచం కిందినుంచి తీసిన చెప్పుల జత ఆయన మోకాలి పక్కనే, వాకిలి వైపు తిప్పి పెట్టి ఉంది. ఒకటి శుభ్రంగా తుడిచి, తోలు ఇంకా తడిగా మెరుస్తోంది. రెండోదాని మీద ఎనిమిది నెలల దుమ్ము అలాగే ఉంది.