కంప్యూటరుకు కోపం రాదు

మా అమ్మాయి జాక్లిన్ శుక్రవారం పరీక్షలో నెగ్గకపోతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే వీసా పోతుంది. మాసన్ లేక్స్‌లో మేమిద్దరం ఉంటున్న ఇల్లు ఖాళీ చేసి మన దేశానికి వెనక్కి వెళ్లాలి.

ఊరికి నీళ్లు తోడే పంపుల్ని కంప్యూటరు మీద కనిపెట్టుకుని ఉండే పని తనది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పి పంపులు ఆగిపోతాయని అందరికీ బెంగ. అందుకని ముగ్గురు కలిసి పనిచెయ్యడం నేర్పుతున్నారు. నేర్చుకునేది ఒక్కరే. మిగతా ఇద్దరూ కంప్యూటరులోంచి వచ్చే గొంతులు. అందులో టీమ్ లీడర్‌గా ఉండే పెద్ద గొంతు కావాలనే తప్పు చెబుతుంది. అది తప్పని అనాలి. పన్నెండుసార్లు చెబితే అమ్మాయి పన్నెండుసార్లూ అన్నది.

సోమవారం పెద్ద గొంతు బదులు శ్రీపతిగారు కూర్చున్నారు. ఆయన అమ్మాయికి పై అధికారి, కాకినాడ మనిషి. మమ్మల్ని చాలాసార్లు భోజనానికి పిలిచారు. “రెండో పంపు ఆపమ్మా” అన్నారట. నీరందక ఆపాల్సింది మూడోది. అమ్మాయి రెండోదే ఆపింది. శుక్రవారం పరీక్షకీ ఆయనే కూర్చుంటారు.

“తెలిసే ఆపావా?”

“తెలుసు నాన్నా. కానీ అంకుల్ కదా! కంప్యూటరుగాడికి కోపం రాదు. అంకుల్ కళ్లజోడు తీసి చూస్తే నా మైండ్ బ్లాంక్ అయిపోద్ది.”

పెద్దవాళ్ల మాటకు అడ్డు రాకూడదని నేర్పింది నేనే.

వంటగది బల్ల మీద మూడు గ్లాసులు పెట్టాను. “ఇవి పంపులు. నేను శ్రీపతిని.”

“నువ్వా టీమ్ లీడర్‌వి? రోజుకి నాలుగు మాటలు మాట్లాడవు!” నవ్వింది.

“రెండోది ఆపు.”

“సార్, మూడోదేమో...”

“నోరుముయ్.”

ముప్పై ఏళ్లు బోటు నడిపే సరంగుగా, కింద పనిచేసే కళాసీల మీద వాడిన గొంతు అది. అమ్మాయి చెయ్యి దానంతటదే రెండో గ్లాసును బోర్లించింది. నవ్వు పోయింది.

అప్పుడు చెప్పాను, ఎవరికీ చెప్పనిది.

“ఏరు సముద్రంలో కలిసేచోట మన బోటు తిరగబడ్డ రోజు, సత్యనారాయణ ముందు నిలబడ్డాడు. ఇసకమేట చూశాడు. ‘అన్నా, ఎడమకి’ అన్నాడు. నోరుముయ్ అన్నాను. మూసుకున్నాడు.”

“బాబాయి అల కొట్టి పోయాడన్నావు.”

“అందరికీ అలాగే చెప్పాను.”

అమ్మాయి ఆ గ్లాసు తిరిగి నిలబెట్టింది.

“మళ్లీ అను.”

“రెండోది ఆపు.”

“కాదు, మూడోది.”

“నోరుముయ్!”

“మూడోదే నాన్నా! నువ్వు తప్పు. ఆ రోజూ తప్పే!”

నేను కోరింది ఇదే. అయినా నా చెయ్యి పైకి లేచింది. అమ్మాయి చూసింది. తల మాత్రం దించలేదు. చెయ్యి నేనే దించుకున్నాను.

శుక్రవారం నెగ్గింది. శ్రీపతిగారు కళ్లజోడు తీసి చూశారట. “మూడోది సార్” అన్నదట, రెండుసార్లు.

సాయంత్రం ఇంటికొచ్చి, బూట్లయినా విప్పకుండా ఫోను తెచ్చి నా ముందు పెట్టింది.

“బాబాయి ఎలా పోయాడో శేషుకుమారి పిన్నికి నిజం చెప్పావా?”

“ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడెందుకమ్మా.”

“కాదు నాన్నా” అన్నది. గొంతు పెంచలేదు. నంబరు తనే నొక్కి నా చేతికిచ్చింది.

అవతల మోగుతోంది.