పదిహేడో నంబరు ముద్ర

గేటు బయట లారీ హారన్ మూడోసారి మోగింది. ముద్రల బల్ల ముందు కూర్చున్న ఆవిడ తల ఎత్తలేదు. రబ్బరు చేతొడుగు అందుకోవడం, మణికట్టు దగ్గర 'పాస్' అని ఒత్తడం, పెట్టెలోకి విసరడం. పొద్దున్నుంచి తొమ్మిది వందల జతలయ్యాయి, ఇంకా ఆరు వందలున్నాయి. కరెంటు స్తంభాలెక్కి తీగలు ముట్టుకునేవాళ్ళు వేసుకునే చేతొడుగులవి. ముద్ర కింద ఆమె నంబరు, పదిహేడు, పడుతుంది. పన్నెండేళ్ళలో ఆ అంకె ఎంతగా అతుక్కుపోయిందంటే, ఫ్యాక్టరీలో అందరూ ఆమెను పదిహేడు అనే పిలుస్తారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతం కాగితం మీద మాత్రం మిగిలింది.

బల్ల సొరుగులో రెండు వస్తువులున్నాయి. వాటివల్లే వారం రోజులుగా ఆమెకు అన్నం సయించడం లేదు.

ఒకటి, సూపర్‌వైజరు ఉద్యోగానికి దరఖాస్తు. నెలకు నాలుగు వేలు ఎక్కువ, వీపు ఆనించుకునే కుర్చీ. అన్నీ నింపి చివరి ప్రశ్న దగ్గర ఆగిపోయింది. 'ఈ పనిని మీరు ఎందుకు ఎంచుకున్నారు?' కింద నాలుగు ఖాళీ గీతలు. ఎంచుకోవడమట, ఎంచుకోవడం. ఆకలి ఎంచుకుంది, ఇంటికి దగ్గరని కాళ్ళు ఎంచుకున్నాయి. ఆ మాట రాస్తే కుర్చీ ఇస్తారా ఎవరైనా?

రెండోది, వాపసు వచ్చిన ఒక ఎడమచేతి తొడుగు. బొటనవేలి మొదట్లో ఆవగింజంత చిల్లు, చుట్టూ కరిగి గట్టిపడిన నల్లటి రబ్బరు. మణికట్టు దగ్గర ముద్ర చెక్కుచెదరలేదు. పాస్, 17. వేసుకున్న మనిషి ఏమయ్యాడని మేనేజరును అడిగితే, "మనకెందుకమ్మా? అవతల పారెయ్," అన్నాడు. పారెయ్యలేకపోయింది. ఏమయ్యాడో ఎవరూ చెప్పలేదు గనక, ఆ మనిషి ఆమెకు రోజుకో చోట కనిపిస్తున్నాడు. కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటుంటే వెనక నిలబడతాడు. బస్సులో పక్క సీట్లో ఎడమచెయ్యి దాచుకుని కూర్చుంటాడు. ఒక్క మాటా అనడు. తిట్టినా బాగుండునని ఆమె ప్రాణం కొట్టుకుంటుంది.

ఈ పని నేర్పింది చెవులమ్మ. ఆ ముసలామెకు ఆ పేరు ఊరికే రాలేదు. అప్పట్లో ముద్రకు ముందు పరీక్ష ఉండేది. చేతొడుగు అంచు పట్టి గిర్రున చుడితే గాలి లోపల చిక్కి అయిదు వేళ్ళూ ఉబ్బి నిలబడతాయి. అప్పుడు చెంపకు ఆనించి వినాలి. సూదిమొనంత చిల్లున్నా సన్నటి బుస వినిపిస్తుంది. "ఇది రబ్బరనుకోకే పిల్లా. ఎవరిదో చెయ్యి. పట్టుకుంటే చెయ్యి పట్టుకున్నట్టే పట్టుకో," అనేది.

తర్వాత ప్రతిదీ వినక్కర్లేదు, పదింటికొకటి చాలన్నారు. ఆపైన వందకొకటి, చివరికి అదీ పోయింది. చెవులమ్మ మాత్రం ప్రతిదీ వింటూనే కూర్చుంది. ఆలస్యమవుతోందని ఒకరోజు ఆమెను మాన్పించేశారు. తిలా పాపం తలా పిడికెడు. ఆ రోజు పదిహేడు తల వంచుకుని ముద్రలు కొట్టుకుంటూ ఉండిపోయింది. గుమ్మం దగ్గర ముసలామె కాసేపు ఆగిందని పక్కవాళ్ళు తర్వాత చెప్పారు.

"ఏంటి వదినా, చెయ్యి ఆగిపోయింది?" పెట్టెలు కట్టే ఆవిడ అడిగింది.

"నువ్వీ పనెందుకు చేస్తున్నావు?"

"చెయ్యకపోతే పొయ్యిలో పిల్లి లేవదు కాబట్టి. నీ దరఖాస్తులో దానికి నాలుగు గీతలెందుకు, సగం గీత చాలు."

పదిహేడుకు నవ్వు రాలేదు. పోనీ, ఈ పన్నెండేళ్ళలో ఏ ఒక్క రోజైనా సంతోషంగా ఇంటికెళ్ళానా అని తనను తాను అడిగింది. వెళ్ళింది. చేరిన కొత్తలో ఒకనాడు పదకొండు చిల్లులు పట్టుకుంది. ఎవరూ రూపాయి ఎక్కువివ్వలేదు. చెవులమ్మ మాత్రం నెత్తిన చెయ్యి పెట్టి, "ఇవాళ పదకొండు మందిని ఇంటికి పంపావే," అంది. ఆ రాత్రి ఎంత హాయిగా నిద్రపట్టిందో. తన పని అదీ. చేతిలో పెట్టినదాన్ని తనే జారవిడుచుకుంది.

పదిహేడు ముద్ర పక్కన పెట్టింది. చేతొడుగు తీసుకుని అంచు చుట్టి చెంపకు ఆనించుకుంది. నిశ్శబ్దం. ఇంకొకటి. అదీ నిశ్శబ్దమే. నాలుగోది బుస కొట్టింది. చెవి దగ్గర ఎవరో ఊపిరి వదిలినట్టయింది.

మేనేజరు పరుగున వచ్చాడు. "ఏం చేస్తున్నావమ్మా? అక్కడ లారీ ఆగిపోయింది."

"వింటున్నాను సార్."

"వినడాలు తర్వాత. రేపో మాపో సూపర్‌వైజరు కాబోయేదానివి, నువ్వే ఇలా చేస్తే ఎలా?"

ఆమె సొరుగు లాగి కాలిన చేతొడుగు బల్ల మీద పెట్టింది. ఆయన చూపు తిప్పుకున్నాడు.

"నాకా కుర్చీ వద్దు సార్. ఇకమీదట విననిదాని మీద ముద్ర వెయ్యను."

"సరే, ముద్ర ఇటివ్వు. ఇంకెవరైనా కొడతారు."

"ఇది పదిహేడు సార్. తప్పయితే నన్నే వెతుక్కుంటూ వస్తారు." ముద్రను పిడికిట్లో బిగించి పెట్టెల వైపు తిరిగింది. "వదినా, పొద్దుటి నుంచి కట్టినవన్నీ విప్పు."

పెట్టెలు కట్టే ఆవిడ మేనేజరు మొహం చూసింది, పదిహేడు మొహం చూసింది. చెయ్యి మొదటి పెట్టె ముడి మీదే ఉంది. విప్పనూ లేదు, తియ్యనూ లేదు. గేటు బయట హారన్ ఆగకుండా మోగుతోంది. చుట్టిన అంచు మీద సిరా డబ్బా బరువు పెట్టిన ఆ నాలుగో చేతొడుగు బల్ల మీద నిలబడి ఉంది. దాని వేళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వాలిపోతున్నాయి.